16 రేకుల లేసు పువ్వు: అల్లిక, లెక్క



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ మేడమ్ గారు అడిగినప్పుడు రెండు రోజులు ఆలోచించాను. కవితలు, కథలు రాసేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. నాకు బాగా వచ్చిన పని ఒకటే, లేసు అల్లడం. నరసాపురం దగ్గర మా ఊళ్ళో మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. హాస్టల్లో ఉన్న రోజుల్లో ఆదివారం మధ్యాహ్నాలు బట్టలు ఉతికి ఆరేశాక, వరండాలో కూర్చొని తోటివాళ్ళకు నేర్పేదాన్ని. ఆ పాఠాన్నే ఇక్కడ రాస్తున్నాను.

పాఠం పూర్తయ్యేసరికి మీ చేతిలో 16 రేకులున్న చిన్న గుండ్రటి లేసు గుడ్డ ఒకటి తయారవుతుంది. దీన్ని డాయిలీ అని కూడా అంటారు. మా వైపు 'లేసు పువ్వు' అంటే అందరికీ తెలుస్తుంది. మంచినీళ్ళ గ్లాసు కింద, పూలకుండీ కింద, బల్ల మీద గడియారం కింద పరచుకోవచ్చు. దీనికి మిషను అక్కరలేదు, కరెంటు అక్కరలేదు. ఒక సూది, ఒక దారపుండ చాలు.

అయితే ఈ పనిలో లెక్క చాలా ముఖ్యం. మొదటిది కుట్ల లెక్క. రెండోది గంటల లెక్క. మొదటి లెక్క మా అమ్మకు కంఠతా వచ్చు. రెండో లెక్క మా ఇంట్లో చాలాకాలం ఎవరూ చేయలేదు. అందుకే పాఠం చివర దాని గురించి కూడా రాశాను. దయచేసి ఆ భాగం వదిలేయకుండా చదవండి.

ఈ పని మన దగ్గరికి ఎలా వచ్చింది?

'క్రోషే' ఫ్రెంచి మాట. చిన్న కొక్కెం అని అర్థం. సూది కొసన ఉండే కొక్కెం వల్లనే ఆ పేరు. 19వ శతాబ్దంలో యూరప్ దేశాల్లో ఈ పని బాగా వ్యాపించింది. 1845 నుంచి ఐర్లండులో బంగాళాదుంప పంటకు తెగులు సోకి భయంకరమైన కరువు వచ్చింది. ఆ కరువులో ఎన్నో పేద కుటుంబాల ఆడవాళ్ళు, పిల్లలు క్రోషే లేసు అల్లి అమ్ముకుని కడుపు నింపుకున్నారు.

అదే శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు గోదావరి డెల్టాలో నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్ళకు ఈ పని నేర్పారు. మొదట నేర్చుకున్నవారిలో క్రైస్తవంలోకి వచ్చిన మాల, మాదిగ పేద కుటుంబాల స్త్రీలు ఉన్నారు. అంటే మనలో కొందరి ముత్తవ్వలు కూడా ఈ సూది పట్టుకుని ఉండవచ్చు. తరువాత మిగతా కులాల ఇళ్ళలోకి, పాలకొల్లు వైపు పల్లెల్లోకి పని పాకింది. ఇక్కడి ఇళ్ళ అరుగుల మీద అల్లిన లేసు ఓడలెక్కి విదేశాలకు వెళ్ళింది.

2024లో నరసాపురం క్రోషే లేసు ఉత్పత్తులకు భౌగోళిక గుర్తింపు, అంటే జి.ఐ. ట్యాగు వచ్చింది. తిరుపతి లడ్డూకు, కొండపల్లి బొమ్మలకు ఉన్న గుర్తింపు లాంటిదే ఇది. స్వెట్టర్ల అల్లికను యంత్రాలు ఎప్పుడో నేర్చుకున్నాయి గానీ, క్రోషే పని ఈనాటికీ చేతిపనే. బజారులో నిజమైన క్రోషే గుడ్డ కనిపిస్తే, దాన్ని ఎవరో ఒక మనిషి కూర్చొని అల్లినట్లే లెక్క.

కావలసిన వస్తువులు

1. లేసు దారం: నూలు దారమే కొనండి. ఉండ మీద 'మెర్సరైజ్డ్' అని రాసి ఉంటే మంచిది. నూలును కాస్టిక్ సోడా ద్రావణంలో ఉంచి నిగనిగలాడేలా, గట్టిపడేలా చేసే పద్ధతికి ఇంగ్లండుకు చెందిన జాన్ మెర్సర్ పేరు మీదుగా ఆ పేరు వచ్చింది. దారం నంబరు పెరిగే కొద్దీ దారం సన్నబడుతుంది. కొత్తగా నేర్చుకునేవారికి 10 నంబరు, చేయి తిరిగాక 20 నంబరు తీసుకోవాలి. మొదటిసారి తెలుపు గానీ లేత రంగు గానీ వాడండి. నలుపు దారంలో కుట్లు కంటికి కనపడవు.

2. లేసు సూది: 10 నంబరు దారానికి 1.5 మి.మీ. స్టీలు సూది, 20 నంబరు దారానికి 1.25 మి.మీ. సూది సరిపోతాయి. కొలత సూది పిడి మీద చెక్కి ఉంటుంది.

3. చిన్న కత్తెర, దారం కొసలు దాచడానికి లావు బెజ్జం ఉన్న మామూలు సూది, తుప్పు పట్టని గుండుసూదులు 16, ఒక పాత దుప్పటి.

4. పెన్సిలు, కాగితం. వీటిని చాలామంది అవసరం లేదనుకుంటారు. కానీ తప్పకుండా పెట్టుకోండి.

అల్లే ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. దారపుండను ఒక గిన్నెలో పెట్టుకుంటే నేల మీద దొర్లి మాసిపోకుండా ఉంటుంది.

నాలుగు కుట్లు

పువ్వు మొత్తానికి నాలుగు రకాల కుట్లే వస్తాయి. ఇంగ్లీషు పుస్తకాలు చూసి నేర్చుకునేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. బ్రిటిష్ వారు ఒక కుట్టుకు పెట్టిన పేరును అమెరికా వారు ఇంకో కుట్టుకు వాడతారు. అమెరికా 'డబుల్ క్రోషే', బ్రిటిష్ 'ట్రెబుల్' రెండూ ఒకటే. అందుకని పేర్లతో తికమక పడకుండా, నేను తెలుగులోనే చెబుతున్నాను.

గొలుసు: ముందు దారంతో జారుముడి వేసి సూదికి తగిలించండి. దారాన్ని సూది మీదుగా ఒక చుట్టు వేసి, కొక్కెంతో పట్టి ఉచ్చులోంచి లాగండి. అది ఒక గొలుసు. లెక్కలో సూది మీద ఉన్న ఉచ్చును కలపకూడదు.

జారు కుట్టు: సూదిని కావలసిన చోట గుచ్చి, దారాన్ని పట్టి, ఆ గుచ్చిన చోటులోంచి, సూది మీది ఉచ్చులోంచి ఒకేసారి లాగేయాలి. వరుస చివరను మొదటికి కలపడానికి ఇది పనికి వస్తుంది.

పొట్టి కుట్టు: సూదిని గుచ్చి దారం లాగితే సూది మీద 2 ఉచ్చులు ఉంటాయి. మళ్ళీ దారం పట్టి రెండింటిలోంచీ లాగాలి.

పొడుగు కుట్టు: గుచ్చేముందే దారాన్ని సూది మీద ఒక చుట్టు వేసుకోవాలి. గుచ్చి దారం లాగితే 3 ఉచ్చులు వస్తాయి. దారం పట్టి 2 ఉచ్చుల్లోంచి లాగాలి. మళ్ళీ దారం పట్టి మిగిలిన 2 ఉచ్చుల్లోంచి లాగాలి. చిన్న స్తంభం లాగా నిలబడుతుంది.

మొదటి రోజు పువ్వు జోలికి పోవద్దు. 50 గొలుసులు వేసి, విప్పి, మళ్ళీ వేయండి. గొలుసులన్నీ ఒకే సైజులో వచ్చేదాకా ఇదే సాధన. క్రోషేలో ఉన్న గొప్ప సుగుణం ఏమిటంటే, దారం లాగితే మొత్తం విడిపోతుంది. తప్పు చేసినా దారం వృథా కాదు. ఎడమచేతి వాటం ఉన్నవారు ఇదే పనిని అటు నుంచి ఇటు తిప్పి చేసుకోవచ్చు. కుట్ల లెక్క మారదు.

అల్లే విధానం

పీట: 6 గొలుసులు వేసి, మొదటి గొలుసులో జారు కుట్టు వేసి ఉంగరంలా కలపండి. ఇది పువ్వుకు బొడ్డు.

1వ వరుస: 3 గొలుసులు వేయండి. ఈ మూడూ కలిసి మొదటి పొడుగు కుట్టు కింద లెక్క. తరువాత ఉంగరంలోకి సూది దించి 15 పొడుగు కుట్లు వేయండి. మొత్తం 16. మొదట వేసిన 3 గొలుసుల్లో పైదానికి జారు కుట్టుతో కలపండి.

2వ వరుస: 4 గొలుసులు వేయండి. ఇందులో 3 ఒక పొడుగు కుట్టు, 1 ఖాళీ. తరువాతి కుట్టు తల మీద 1 పొడుగు కుట్టు, ఆ వెంటనే 1 గొలుసు. ఇలా 15 సార్లు. మొదటి 4 గొలుసుల్లో మూడవదానికి కలపండి. ఇప్పుడు 16 కుట్లు, 16 ఖాళీలు ఉండాలి. సైకిలు చక్రం పుల్లల్లా కనపడుతుంది.

3వ వరుస: 3 గొలుసులు వేసి, పక్కనే ఉన్న ఖాళీలో 2 పొడుగు కుట్లు వేయండి. తరువాత ప్రతి కుట్టు తల మీద 1, ప్రతి ఖాళీలో 2 చొప్పున చుట్టూ వేసి కలపండి. మొత్తం 48 పొడుగు కుట్లు. ఇక్కడ ఆగి తప్పకుండా లెక్కపెట్టండి. 47 గానీ 49 గానీ వస్తే ముందుకు పోవద్దు.

4వ వరుస: 1 గొలుసు వేసి, అదే చోట 1 పొట్టి కుట్టు వేయండి. 5 గొలుసులు వేసి, 2 కుట్లు వదిలి, మూడవదాని మీద పొట్టి కుట్టు వేయండి. ఇలాగే చుట్టూ. చివరి 5 గొలుసులను మొదటి పొట్టి కుట్టుకు జారు కుట్టుతో కలపండి. 48ని 3తో భాగిస్తే 16 కదా, సరిగ్గా 16 తోరణాలు వస్తాయి.

5వ వరుస: మొదటి తోరణం మధ్యకు చేరడానికి దాని గొలుసుల మీదుగా 2 జారు కుట్లు వేయండి. తోరణంలో 1 పొట్టి కుట్టు, 6 గొలుసులు, తరువాతి తోరణంలో పొట్టి కుట్టు, మళ్ళీ 6 గొలుసులు. చుట్టూ ఇలాగే వేసి మొదటి పొట్టి కుట్టుకు కలపండి. మళ్ళీ 16 తోరణాలు, ఈసారి కొంచెం పెద్దవి.

6వ వరుస: జారు కుట్టుతో మొదటి తోరణంలోకి వెళ్ళి 3 గొలుసులు, 1 పొడుగు కుట్టు, 2 గొలుసులు, 2 పొడుగు కుట్లు అన్నీ అదే తోరణంలో వేయండి. మిగిలిన 15 తోరణాల్లో ఒక్కొక్కదానిలో 2 పొడుగు కుట్లు, 2 గొలుసులు, 2 పొడుగు కుట్లు వేయండి. మొదటి 3 గొలుసుల పైదానికి కలపండి. విచ్చుకుంటున్న మొగ్గల్లా 16 జతలు వస్తాయి.

7వ వరుస (రేకులు): జారు కుట్లతో మొదటి మొగ్గ నడుమ ఉన్న 2 గొలుసుల ఖాళీలోకి వెళ్ళండి. 3 గొలుసులు, 2 పొడుగు కుట్లు వేయండి. ఇప్పుడు ముల్లు వేయాలి. అంటే 3 గొలుసులు వేసి, ఇప్పుడే వేసిన పొడుగు కుట్టు తలలో జారు కుట్టుతో బిగించడం. ఆ వెంటనే అదే ఖాళీలో 3 పొడుగు కుట్లు. తరువాత ఈ మొగ్గకు, పక్క మొగ్గకు మధ్యనున్న సందులో 1 పొట్టి కుట్టు. ఒక రేకు పూర్తి. మిగిలిన మొగ్గల్లో 3 పొడుగు కుట్లు, ముల్లు, 3 పొడుగు కుట్లు, సందులో పొట్టి కుట్టు. 16 రేకులు పూర్తి చేసి మొదటికి కలపండి. జానెడు దారం వదిలి కత్తిరించి, కొసను ఉచ్చులోంచి లాగి బిగించండి. మామూలు సూదితో రెండు కొసలనూ వెనక వైపు కుట్ల కిందకు దాచేయండి.

దారం సన్నదనాన్ని, మీ చేతి బిగువును బట్టి పువ్వు అడ్డకొలత సుమారు 3 నుంచి 4 అంగుళాలు వస్తుంది. పెద్దది కావాలంటే ఇలాంటి పువ్వులు నాలుగైదు అల్లి, ముళ్ళ దగ్గర ఒకదానికొకటి కలుపుకోవాలి. మా వైపు దాన్నే అతుకు పని అంటారు.

ఈ లెక్క ఎక్కడి నుంచి వచ్చింది?

16, 32, 48 అని వరుసకు 16 చొప్పున ఎందుకు పెంచాం? జవాబు మీ లెక్కల పుస్తకంలోనే ఉంది. వృత్త పరిధి = 2 × 22/7 × వ్యాసార్ధం. ఒక వరుస అల్లినప్పుడల్లా వ్యాసార్ధం ఒక కుట్టు ఎత్తు మేరకు పెరుగుతుంది. కాబట్టి పరిధి, కుట్టు ఎత్తుకు 6 రెట్ల కంటే కొంచెం ఎక్కువగా పెరగాలి. పొడుగు కుట్టు ఎత్తు దాని వెడల్పుకు రెండు నుంచి రెండున్నర రెట్లు ఉంటుంది. 2తో గుణిస్తే సుమారు 12, రెండున్నరతో గుణిస్తే సుమారు 16. అంటే వరుసకు 12 నుంచి 16 కుట్లు పెరిగితేనే గుడ్డ చదునుగా పరుచుకుంటుంది.

పెంచాల్సినదానికన్నా తక్కువ పెంచితే అంచు బిగిసి, గుడ్డ గిన్నెలా పైకి లేస్తుంది. టోపీలు అల్లేది ఆ పద్ధతిలోనే. బాగా ఎక్కువ పెంచితే అంచు పాలకూర ఆకులా మెలికలు తిరుగుతుంది. ఈ మెలికల ఆకారం గురించి గణితంలో పెద్ద విషయమే ఉంది. 1997లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో దైనా తైమినా అనే లాత్వియా గణిత శాస్త్రవేత్త, 'అతిపరావలయ తలం' అనే ఆకారాన్ని విద్యార్థులకు చేత్తో పట్టుకుని చూపడానికి లేసు సూది అందుకున్నారు. కాగితంతో చేస్తే చిరిగిపోయే ఆ నమూనా, కుట్లు పెంచుకుంటూ పోతే దారంతో చక్కగా వచ్చింది. లేసు పనిని తెలివితక్కువ పని అని ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పండి.

సాధారణంగా వచ్చే తప్పులు

గుడ్డ గిన్నెలా లేస్తోంది: గొలుసులు బిగువుగా వేస్తున్నారు, లేదా ఎక్కడో కుట్లు తగ్గాయి. 3వ వరుసలో 48 ఉన్నాయో లేదో చూడండి. లెక్క సరిగా ఉంటే దారం కొంచెం వదులు చేయండి, లేదా ఒక సైజు పెద్ద సూది తీసుకోండి.

అంచు మెలికలు తిరుగుతోంది: చేయి వదులుగా ఉంది. తోరణాల్లో ఒక్కొక్క గొలుసు తగ్గించి చూడండి.

రేకులు 15 వచ్చాయి: ఇది 7వ వరుసలో జరిగే తప్పు కాదు. 4వ వరుసలో ఒకచోట 2 కుట్లకు బదులు ఎక్కువ వదిలేసి ఉంటారు. అక్కడిదాకా విప్పక తప్పదు. అందుకే ప్రతి వరుస చివర కాగితం మీద సంఖ్య రాసుకోమని చెప్పేది.

సూది కుట్టు మధ్యలో చీలిపోతోంది: దారపు పోగుల మధ్యలోకి గుచ్చుతున్నారు. కుట్టు తల మీద కనిపించే రెండు పోగుల కిందుగా సూది పోనివ్వాలి.

గంజి పెట్టడం

అల్లగానే పువ్వు నలిగిన కాగితంలా ఉంటుంది. దాని అందం గంజి పెట్టాకే తెలుస్తుంది. ముందు గోరువెచ్చని సబ్బు నీటిలో మెల్లగా పిసికి జాడించండి. మెలితిప్పి పిండకూడదు. తువ్వాలు మడతలో పెట్టి ఒత్తితే నీరు పోతుంది.

మన హాస్టల్ వంటగదిలో గంజికి కొదవ లేదు. అన్నం వార్చిన గంజి చల్లారాక పలుచటి గుడ్డలో వడకట్టి, అంతే నీరు కలపండి. మెతుకులు ఉంటే లేసు సందుల్లో అంటుకుంటాయి. పువ్వును అందులో ముంచి తీసి, నాలుగు మడతలు వేసిన పాత దుప్పటి మీద పరచండి. ముందు నాలుగు దిక్కులా నాలుగు రేకుల ముళ్ళకు గుండుసూదులు గుచ్చండి. ఆ తరువాత వాటి నడుమ నాలుగు, చివరగా మిగిలిన ఎనిమిది. ఒక పక్క నుంచి వరుసగా గుచ్చుకుంటూ పోతే పువ్వు ఒకవైపుకు సాగిపోతుంది. నీడలో ఆరనిచ్చి, ఆరాక గుండుసూదులు తీయండి.

చాలాకాలం పెట్టెలో దాచాలనుకుంటే గంజి పెట్టకుండా దాచండి. గంజి వాసనకు పురుగులు చేరి నూలు కొరుకుతాయి. మడత పెట్టకుండా కాగితానికి చుట్టి పెడితే మడతల దగ్గర తెగదు.

రెండో లెక్క

ఇప్పుడు నేను మొదట చెప్పిన రెండో లెక్కకు వద్దాం. మీరు అల్లిన పువ్వులో పొడుగు కుట్లు 240. పొట్టి కుట్లు 48. పీటతో కలిపి గొలుసులు సుమారు 280. ముళ్ళ దగ్గర జారు కుట్లు 16. మొత్తం సుమారు 580 కుట్లు. పొడుగు కుట్టుకు 3 సార్లు, పొట్టి కుట్టుకు 2 సార్లు, గొలుసుకు ఒకసారి దారం లాగాలి. అలా చూస్తే అరచేతిలో పట్టే ఈ పువ్వుకు సూది 1,100 సార్లు దారం లాగింది. చేయి తిరిగినవారికి దాదాపు గంటన్నర, కొత్తవారికి మూడు నాలుగు గంటలు పడుతుంది.

మా అమ్మ ఇలాంటి పువ్వులు అల్లేది. ఏజెంటు దారం తూచి ఇచ్చేవాడు, పువ్వులు డజన్ల లెక్కన తీసుకునేవాడు. వంకర పోయాయని, మాసిపోయాయని కొన్నింటిని పక్కన తీసి వాటికి డబ్బు ఇచ్చేవాడు కాదు. ఆ పువ్వులు మాత్రం తిరిగి ఇచ్చేవాడు కాదు. నా నోటు పుస్తకాలు, ఊరికి వచ్చిపోయే బస్సు ఛార్జీ ఆ డబ్బుల్లోంచే వచ్చేవి. అయినా ఈ హాస్టల్లో చేరేటప్పుడు దరఖాస్తులో 'తండ్రి వృత్తి' దగ్గర 'వ్యవసాయ కూలీ' అని రాసి, 'తల్లి వృత్తి' దగ్గర గీత పెట్టాను. ఎవరూ పెట్టమనలేదు. అమ్మ ఇంట్లోనే ఉంటుంది కదా అనుకున్నాను.

పదో తరగతి పరీక్షలు రాసి ఇంటికి వెళ్ళిన వేసవిలో, లెక్కల పుస్తకం వెనక పేజీల్లో అమ్మ సూది పట్టిన వేళ, దించిన వేళ రాయడం మొదలుపెట్టాను. పొద్దున వంట అయ్యాక కొంతసేపు, మధ్యాహ్నం అరుగు మీద, రాత్రి దీపం దగ్గర. నెల రోజులు రాశాను. రోజుకు సగటున 7 గంటలు తేలింది. వచ్చిన డబ్బును గంటలతో భాగిస్తే, గంటకు పడింది ఒక టీ ఖరీదు కూడా కాదు.

అమ్మకు చెబితే, "ఖాళీగా ఉన్నప్పుడే కదమ్మా అల్లేది, దానికి గంటలేంటి?" అంది.

అమ్మ అన్న ఈ మాట మా ఒక్క ఇంటిదే కాదని తరువాత డిగ్రీలో తెలిసింది. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త 1970లలో నరసాపురం ప్రాంతానికి వచ్చి లేసు పనివారితో మాట్లాడి, 1982లో 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అనే పుస్తకం ప్రచురించారు. ఈ ఆడవాళ్ళు ప్రపంచ మార్కెట్టు కోసం రోజుకు ఎన్నో గంటలు పనిచేస్తున్నా, వారిని పనివారుగా కాక, తీరిక వేళ కాలక్షేపం చేసే గృహిణులుగా చూస్తున్నారని, కూలి అంత తక్కువగా ఉండడానికి ఆ చూపే ఆధారమని ఆమె రాశారు. 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటి దగ్గర పని చేసేవారి కోసం 177వ నంబరు ఒప్పందాన్ని ఆమోదించింది. ఇంట్లో చేసినా పని పనే, మిగతా కూలీలతో సమానంగా చూడాలన్నది దాని సారాంశం.

నేను నోటుబుక్కులో రాసిన లెక్కను అమ్మ రెండు రోజుల తరువాత తనే అడిగి మళ్ళీ చెప్పించుకుంది. పక్కింటి పిన్నికి, ఎదురింటి అత్తకు కూడా చెప్పింది. ఆ ఏడాది కూలి పెద్దగా పెరిగింది లేదు. కానీ తరువాతి వారం ముగ్గురూ కలిసి, డబ్బు ఇవ్వని పువ్వులు తమకు తిరిగి ఇచ్చేయమని ఏజెంటును అడిగారు. అతను కొంచెం గొణిగి ఇచ్చాడు. వాటిలో ఒకటి ఇప్పటికీ మా ఇంట్లో గడియారం కింద ఉంది. ఎంత వెతికినా అందులో వంకర నాకు కనపడలేదు.

కాబట్టి చెల్లెళ్ళారా, మీరు సరదాకు అల్లుకుంటే ఆనందంగా అల్లుకోండి, స్నేహితులకు బహుమతిగా ఇవ్వండి. కానీ ఎవరికైనా అమ్మేటప్పుడు ధర ఇలా కట్టండి:

1. దారం: ఉండ ఖరీదును, ఆ ఉండతో వచ్చే పువ్వుల సంఖ్యతో భాగించండి.

2. శ్రమ: పట్టిన గంటలను, మీ ఊళ్ళో కూలి పనికి గంటకు పడే డబ్బుతో గుణించండి. ఉదాహరణకు గంటకు 50 రూపాయలు అనుకుంటే, గంటన్నరకు 75 రూపాయలు. ఉతకడం, గంజి పెట్టడం, కొసలు దాచడం కూడా గంటల్లో కలపాలి.

3. దారి ఖర్చు: బస్సు ఛార్జీ, కవరు, పోస్టు ఖర్చు.

ఈ మూడూ కలిపితే వచ్చేది అసలు ధర. బజారులో అంత రాకపోవచ్చు. బేరంలో తగ్గించి ఇవ్వాల్సి రావచ్చు. అప్పుడు కూడా ఎంత తగ్గించి ఇస్తున్నామో మనకు తెలిసి ఉండాలి. తెలియకుండా తగ్గించడం వేరు, తెలిసి తగ్గించడం వేరు. ఒంటరిగా అడగలేకపోతే నలుగురు కలిసి అడగండి.

చివరగా ఒక మాట. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మ చేసే పనులకు ఒక్క రోజు వేళలు రాసి చూడండి. లేసే కానక్కరలేదు. బీడీలు చుట్టడం, విస్తళ్ళు కుట్టడం, పాలు పితకడం, చింతపండు గింజ తీయడం, ఏదైనా సరే. ఈసారి ఏ ఫారంలోనైనా 'తల్లి వృత్తి' అనే గడి కనపడితే గీత పెట్టకండి. నేను డిగ్రీ దరఖాస్తులో 'లేసు పని' అని రాశాను. గుమాస్తా గారు తలెత్తి, "ఇదేం వృత్తమ్మా?" అన్నారు. "రోజుకు 7 గంటల వృత్తి సార్" అన్నాను. ఆయన నవ్వి ముద్ర వేశారు.

ఈ పాఠం చూసి ఎవరైనా మొదటి పువ్వు పూర్తి చేస్తే, వచ్చే వార్షికోత్సవం రోజున తెచ్చి చూపించండి. రేకులు 16 ఉన్నాయో లేదో నేనే లెక్కపెడతాను.

మీ అక్క,
ఈ హాస్టల్ పూర్వ విద్యార్థిని